ఐదు గాట్ల పలక

"మాది కాదు" అందామె.

ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. హాడో రేవు పక్కన, మేము పిల్లల మ్యూజియం అని పిలుచుకునే పాత గోడౌన్. ఒక పక్క పదిహేను ఇరవై మంది బడిపిల్లలు. ఇంకో పక్క ఉతికిన చొక్కాలు తొడుక్కుని వచ్చిన నలుగురు బస్తీ పెద్దలు. మధ్యలో బల్ల మీద రెండు మూరలకు కాస్త పైన పొడవున్న చెక్క పలక. ఆ పలక మీద కత్తితో కోసిన ఐదు గాట్లు. ఆమె పలకను చూసింది, చేత్తో తడిమింది, ఆ చెయ్యి తీసి కొంగులో పెట్టుకుంది.

"సరిగ్గా సూసినావేటే?" అన్నాడు పెద్దాయన. ఆమె భర్తకు పెదనాన్న.

"సూసినాను మావా. మాది కాదు."

మూడోసారి ఎవరూ అడగలేదు. ఆమె భర్త సునామీకి ముందురోజు సాయంత్రం చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన ఉన్నాడా పోయాడా అన్న సంగతి ఆ ఉదయం ఆ బల్ల దగ్గర తేలిపోవాలని అందరూ వచ్చారు. తేలలేదు. అందరినీ అక్కడికి రప్పించినవాణ్ణి నేను. ఎలా రప్పించానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న దినపత్రికలో నేను ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఓడల రాకపోకలు, కూరగాయల ధరలు, తుఫాను హెచ్చరికలు, ఎవరి ఆవో తప్పిపోతే ఆ ఆవు. సునామీ తర్వాత కొన్ని నెలలు నేను రాసినవి వార్తలు కావు, జాబితాలు. ఏ ఓడలో ఎవరు వచ్చారు, ఏ శిబిరంలో ఎవరున్నారు, ఎవరి ఆచూకీ లేదు. ఆ పని చేసినవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎక్కడ ఖాళీ గడి కనిపించినా అందులో ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది.

సునామీ అయిన మూడో ఏట పత్రిక వదిలేసి మ్యూజియంలో చేరాను. వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాయడం నా పని. మ్యూజియం నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఊరంతా ఆమెను దీదీ అనేది, మేమూ అలాగే అనేవాళ్ళం. బడిపిల్లలు సముద్రం బొమ్మ గీయమంటే నల్లరంగు పెన్సిలు తీస్తున్నారని ఆమె గమనించింది. ద్వీపంలో పుట్టిన పిల్లలు నీళ్ళకు వీపు తిప్పి నిలబడటం ఆమెకు నచ్చలేదు. "భయం పొమ్మంటే పోదు. దాని పక్కన ఒక ప్రశ్న కూర్చోబెడితే కాస్త జరుగుతుంది" అనేది.

అందుకే మ్యూజియానికి రేవునే ఎంచుకుంది. సునామీతో నేల కుంగింది కదా, పున్నమి పోటుకు నీళ్ళు గోడౌన్ మెట్టు దాకా వచ్చేవి. మేము దాన్ని ఆపలేదు, గోడ మీద సుద్దముక్కతో గీతలు గీయించాం. ఇవాళ నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో పిల్లలు ముందే పందెం కట్టి, మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవారు. మా దగ్గర మొదట బాగా ఆడిన ప్రదర్శన అదే. దానికి చీటీ కూడా అక్కరలేకపోయింది.

ప్రతి బడి నుంచీ పిల్లలు సముద్రం ఒడ్డుకు తెచ్చిన వస్తువు ఒకటి పట్టుకురావాలని దీదీ షరతు. జత లేని చెప్పులు వచ్చాయి. ఓడ దీపం వచ్చింది. ఏ భాషో తెలియని అక్షరాలున్న డబ్బా వచ్చింది. హోప్ టౌన్ పిల్లలు మడచెట్ల వేళ్ళలో ఇరుక్కున్న పలక తెచ్చారు. ఒక చివర విరిగింది. నీలం రంగు కింద ఎర్రరంగు. పైన ఐదు గాట్లు.

నా చీటీలో నాలుగు వరసలుండేవి. ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరిది. పలక విషయంలో రెండు వరసలు నింపగలిగాను. మిగతా రెండింటిలో హిందీ, ఇంగ్లీషు, తమిళం, బెంగాలీ, తెలుగు, మొత్తం ఐదు భాషల్లో 'తెలియదు' అని రాశాను. అంత శ్రద్ధగా తెలియదని చెప్పిన మ్యూజియం ఇంకోటి ఉండదు.

దీదీకి అదే కావాలి. అలాంటి వాటన్నిటినీ ఒక బల్ల మీద చేర్చి, పక్కన డబ్బా పెట్టి, ఏమిటో ఊహించి రాసి వేయమంది. గుమ్మం దగ్గర ఉండే మా కాపలాదారు పూర్వం ఓడలో వంటమనిషి. గొంతు పెద్దది. "ఛూవో, ఛూవో! ముట్టుకోండి! ఇక్కడ ముట్టుకోనోళ్ళకి జుర్మానా!" అని అరిచేవాడు. మిగతా మ్యూజియాల్లో తిట్లు తిని వచ్చిన పిల్లలు మొదట నమ్మేవారు కాదు.

పలకకి వచ్చిన ఊహలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. 'ఏనుగు దువ్వెన.' 'నిచ్చెన, కానీ అలిసిపోయి పడుకుంది.' 'మొసలి పళ్ళు పెట్టి చూసుకున్న గుర్తులు.' ఒక పాప 'సముద్రం స్కేలు' అని రాసింది. అసలు సంగతికి ఆ పాప అంత దగ్గరగా వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరని తర్వాత తెలిసింది.

నాకు మాత్రం అది పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండేది. టేపు పెట్టి కొలిచాను. గాటుకీ గాటుకీ మధ్య తొమ్మిది అంగుళాలకు కాస్త తక్కువ. మూడో సందు మరీ తక్కువ. అంగుళాల లెక్క కాదు, సెంటీమీటర్లూ కాదు. "ఆ బల్ల మీద తెలియనిది ఒకటుంటే నీకెందుకింత బాధ?" అంది దీదీ. "అలవాటు" అన్నాను. మా పాత సంపాదకుడు 'ఎవరు' లేని వార్తను వదంతి అనేవాడు.

ఒక ఆదివారం ఒక పెద్దాయన పాత తెడ్డు ఇచ్చిపోదామని వచ్చాడు. బతు బస్తీ. ఆయన తాతలు ఎప్పుడో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్ళు. ఒక కంట్లో పొర. ఆయన పలక దగ్గర ఆగి, బొటనవేలు మొదటి గాటులో పెట్టి, చెయ్యి చాపాడు. చిటికెన వేలు రెండో గాటు దాటిపోయింది.

"నా కన్నా సిన్న సెయ్యి" అన్నాడు.

"ఇదేమిటి పెద్దాయనా?"

"అదేటి, నీకు తెల్దా? పడవలో కూకునే పలక. గేలం తాడు బారలెక్కన కొలవాలి కదా. సిన్న పడవలో కూకుని రెండు సేతులూ సాపితే బోర్లా పడతావు. అందుకే పలక మీద నాలుగు జానలు కోసుకుంటాం. నాలుగు జానలంటే అర బార. తాడు దానిమీద ఆనించి లాగితే ఎంత దిగిందో లెక్క."

"అందరివీ ఒకే కొలతా?"

"ఎవుడి జాన ఆడిదే. నా పలక మీద నీ తాడు కొలిస్తే నీకు సేప పడదు." నవ్వాడు. మూడో సందు మీద వేలు పెట్టి, "ఇది కోసేటప్పుడు పడవ ఊగినట్టుంది" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "మా తమ్ముడి కొడుకూ ఇలాగే కోసుకునీవోడు. ఆడింకా రానేదు" అన్నాడు.

"ఇది అతనిదేనా?"

"ఎలా సెప్తాను బాబూ? గాట్లు అందరూ కోస్తారు. నీలం రంగు అందరూ ఒక్క కొట్లోనే కొంటారు. ఆడు ఆ నెలలోనే కొత్త పలక ఏసుకున్నాడు, నాను సూడనేదు. ఇంట్లోవోళ్ళకి తెలియాల."

ఆయన తెడ్డు ఇచ్చి వెళ్ళిపోయాడు. నేను మా పాత పత్రికకు ఫోన్ చేశాను.

మూడో రోజు పలక ఫొటో వేశారు. కింద నేను రాసిచ్చిన ఐదు వాక్యాలు. చివరిది ఇది: 'సునామీ నాటి నుంచి తిరిగి రాని బతు బస్తీ జాలరి ఒకరిది కావచ్చునని అనుకుంటున్నారు.' కావచ్చు, అనుకుంటున్నారు. ఒక్క వాక్యంలో రెండు గొడుగులు వేసుకున్నాను. పేరు రాయలేదు కదా అని ధైర్యం. మీలో పత్రికల్లోకి వెళ్ళేవాళ్ళుంటే ఇది గుర్తుంచుకోండి. ఒక్క మనిషే ఉన్న చోట పేరుతో పని లేదు. ఇప్పుడు ఈ రాతలో నేను ఒక చోటు పేరు మార్చాను, ఏది మార్చానో చెప్పను. అప్పుడే ఆ పని చేసి ఉంటే ఇది రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

వారం తిరక్కుండా దీదీ నన్ను పిలిచింది. "నీ వార్త ఎక్కడిదాకా వెళ్ళిందో వెళ్ళి చూసి రా" అంది. ఆ సాయంత్రమే వెళ్ళాను.

ఆ ఇల్లు గట్టు మీద, రేకుల కప్పు. ఆమె వాకిట్లో చేపల బేసిను తోముతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఏడేళ్ళ కూతురు గుమ్మంలో కూర్చుని కాగితం పడవ చేస్తోంది.

"రా బాబూ, కూకో. పేపరు బాబువి నువ్వేనా?"

"నేనేనమ్మా. పేరు రాయలేదు, కానీ..."

"అవును, రాయనేదు. నీ మంచితనం." బేసిను బోర్లించింది. "మా బస్తీలో ఎల్లి రానోడు ఒక్కడే బాబూ. మార్కెట్లో సేపలు కొనేవోళ్ళు ఇదివరకు సేప మొప్పలు సూసేవోళ్ళు. ఇప్పుడు నా నుదురు సూస్తన్నారు."

ఆమె పని ఆపకుండానే చెప్పింది. ఆ బస్తీలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదికి వెళ్ళినవాడి శవమో, బట్టో, పడవ ముక్కో, ఏదో ఒకటి ఒడ్డుకు వచ్చేదాకా కర్మ చేయరు. వచ్చి, ఇంట్లోవాళ్ళు 'ఇది మాదే' అంటే, ఆ రోజు నుంచి లెక్క. పదకొండో రోజున భార్య బొట్టు తీస్తారు.

"మా పెద్దమావ, మీకు తెడ్డిచ్చినాయనే, రెండుసార్లు వొచ్చి అడిగినాడు. 'సంద్రం నాకేటీ ఇవ్వనేదు మావా, ఏటి సూసి సెయ్యమంటావు?' అన్నాను. ఎల్లిపోనాడు. ఇప్పుడు నువ్వొచ్చి, ఇదిగో సంద్రం ఇచ్చిందని పేపర్లో ఏసినావు. వొచ్చే ఆదివారం నలుగుర్నీ ఎంటబెట్టుకుని నన్ను తీసుకెళ్తాడంట."

"పోనీ, పలక అక్కణ్ణుంచి తీసేయమంటారా?"

"తీసేస్తే ఆడిదేనని దాసేసినారంటారు. ఉండనీ." ఆమె చేతులు కడుక్కుంది. "ఆయన మంచోడే బాబూ, మా మావ. కర్మ సెయ్యకపోతే ఆడు నీళ్ళమీదే తిరుగుతాడని ఏడుస్తాడు. ఆడు తిరుగుతాంటే నాకేం? తిరిగేవోడు ఎప్పుడో ఇంటికొస్తాడు."

నేను క్షమాపణ చెప్పి లేవవలసిన చోటు అది. లేవలేదు. ఇరవై ఆరేళ్ళ జబ్బు. "ఆయన చెయ్యి ఎంత ఉండేదో మీకేమైనా గుర్తుందా అమ్మా?" అని అడిగాను.

తిడుతుందనుకున్నాను. నవ్వింది. "ఎందుకు గుర్తుండదు? పెళ్ళయిన కొత్తల్లో సెయ్యి మీద సెయ్యేసి కొలుసుకున్నాం. నా జాన మీద రెండు వేళ్ళు ఎక్కువ. రాసుకుంటావేటి?"

"లేదమ్మా" అన్నాను. అప్పటికే నా చెయ్యి జేబులో పెన్ను మీద ఉంది.

ఆ ఆదివారం పోటు ఎక్కువ. వచ్చినవాళ్ళు మెట్టు మీద చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. కాపలాదారుకు సంగతి తెలియదు. పెద్దల్ని చూసి కూడా "ఛూవో, తాతా, ఛూవో!" అని స్వాగతం చెప్పాడు. పిల్లలు పలక దగ్గర వరస కట్టి తమ జానలు కొలుచుకుంటున్నారు. పక్క బల్ల దగ్గరికి పంపేద్దామా అని దీదీని కళ్ళతోనే అడిగాను. వద్దన్నట్టు తలూపింది. జాలరి భార్య కూతురితో వచ్చి వరసలో పిల్లల వెనకే నిలబడింది.

ముందు కూతురు చెయ్యి పెట్టింది. "అమ్మా, నాది సగం కూడా రాలేదు" అంది. ఆమె కూతురి చెయ్యి పక్కకి తీసి, తన బొటనవేలు మొదటి గాటులో ఉంచింది. చెయ్యి చాపింది. చిటికెన వేలికీ రెండో గాటుకీ మధ్య ఖాళీ మిగిలింది. ఎడమ చేతి రెండు వేళ్ళు కలిపి ఆ ఖాళీలో పెట్టింది. వేలి అంచు గాటుకి ఆనింది. రెండో సందులోనూ అంతే. మూడో సందులో రెండు వేళ్ళు పట్టలేదు. అక్కడ ఆగింది. తర్వాత ఒక చిత్రమైన పని చేసింది. ఆ మూడో సందును అరచేత్తో, మురికి తుడిచినట్టు, ఒకసారి తుడిచింది. నాలుగోది కొలవలేదు. అప్పుడే చెయ్యి కొంగులో పెట్టుకుని "మాది కాదు" అంది.

రెండోసారి కూడా అదే మాట అన్నాక, పెద్దాయన నా వైపు తిరిగాడు.

"బాబూ, నువ్వు పక్కనే ఉన్నావు. సదువుకున్నోడివి. సరిపోయినాదా, నేదా?"

ఆమె నన్ను చూడటం లేదు. సుద్దగీతల వైపు చూస్తోంది. చూసినది చూసినట్టు చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. కానీ పత్రికలో నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. తను చెప్పడం ఇష్టం లేనప్పుడు ఎదుటివాళ్ళు అన్నది చెప్పడం.

"కాదందిగా పెద్దాయనా" అన్నాను.

"నువ్వు సూసిందేటో సెప్పమంటే, ఆవిడన్నదేటో సెప్తావు" అన్నాడాయన. మిగతా ముగ్గురినీ పదమన్నట్టు చెయ్యూపాడు. ఆమె కూతుర్ని తీసుకుని వాళ్ళ ముందే నడిచింది. పెద్దాయన మెట్టు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"ఆడకూతురి జాన మీద రెండు వేళ్ళేస్తే బస్తీలో సగం మంది మొగోళ్ళ జాన వొచ్చేస్తాది బాబూ. అదేం సాక్ష్యం కాదు." రెండో చెప్పు తొడుక్కుంటూ అన్నాడు, "నాకు పొర ఒక కంట్లోనే."

అంటే ఆయనా చూశాడు. చూసి, ఆమె తరఫున నాకే వాదన చెప్పి వెళ్ళిపోయాడు. మూడోసారి కర్మ ఊసు ఎత్తలేదని తర్వాత విన్నాను. ఇంకో నాలుగేళ్ళకు ఆయన పోయాడు.

ఆ వారం పత్రికలో సవరణ వేయించాను. పలక ఆ కుటుంబానిది కాదని వాళ్ళు తెలిపారని రెండు వాక్యాలు. నేను రాసిన సవరణలు చాలా ఉన్నాయి. వాటిలో నిజమో కాదో తెలియకుండా రాసింది అదొక్కటే. చీటీలో నాలుగో వరస ఐదు భాషల్లోనూ అలాగే ఉంచాం. ఒకటో వరస మాత్రం మార్చాను, 'పడవలో కూర్చునే పలక, గేలం తాడు కొలిచేది' అని. 'సముద్రం స్కేలు' రాసిన పాపకు దీదీ ఒక రంగుపెన్సిళ్ళ పెట్టె ఇచ్చింది. అందులోంచి నల్లది ముందే తీసేసింది.

ఆమెను మార్కెట్లో చూస్తుండేవాణ్ణి. చేపలు కొంటే తూకం మీద ఒకటి వేసేది. పలక సంగతి ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు. రెండు వేళ్ళ మాట నిజంగా వాళ్ళిద్దరి మధ్య కొలతేనా, లేక ఊరందరికీ సరిపోయే కొలత అని తెలిసే నాకు చెప్పిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మూడో సందును ఎందుకు తుడిచిందన్నది మాత్రం ఎన్నిసార్లు ఆలోచించినా ఒక కొలిక్కి రాలేదు.

నేను మ్యూజియం పని మానేసి చాలా ఏళ్ళయింది. పోయిన ఏడు ఆ గోడౌన్ ఖాళీ చేయవలసి వచ్చింది. వస్తువులు తమవే అన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే తిరిగి ఇస్తామని నోటీసు అంటించారు. అది అంటించిన నెలకి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఓడ టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. కాగితం పడవ చేసిన పిల్లే.

"అంకుల్, మీరు తెలుగులో రాస్తారంట కదా, నాకు చదవడం సరిగ్గా రాదు. అందుకే నోటితో అడుగుతున్నా. ఆ రోజు మమ్మీ ఏం చేసింది?"

"మీ అమ్మకి తెలుసా, నువ్వు వచ్చినట్టు?"

"ఆ పలక కోసం ఫారం తెమ్మన్నదే మమ్మీ. అన్నీ నింపించింది. పేరు, అడ్రస్, సబ్ కుఛ్. 'వస్తువుతో సంబంధం' అని ఒక కాలమ్ ఉంది. అక్కడికొచ్చేసరికి పెన్ లాక్కుంది. 'అది ఉండనీ' అంటది. రాయకపోతే ఇవ్వరు మమ్మీ అంటే, 'తెల్సు' అంటది. ఫిర్ ఎందుకు పెట్టడం? మీరే చెప్పండి."

"బొట్టు ఉందా?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

"ఉంది అంకుల్. రోజూ పెట్టుకుంటది."

ఈసారి చూసింది చూసినట్టు చెప్పాను. మొదటి సందు, రెండోది, మూడో సందు దగ్గర ఆగడం, తుడవడం. పెద్దాయన మెట్టు దగ్గర అన్నది కూడా చెప్పాను. అమ్మాయి టీ చల్లారేదాకా విన్నది. లేచి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఆ కాలమ్ ఖాళీతోనే దరఖాస్తు ఇచ్చారు. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు గానీ ఒప్పుకున్నదీ లేదు, తిరగ్గొట్టిందీ లేదు. నేను వాకబు చేసిన మేరకు, ఆ పలక కోసం ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు.